వంతు పని

నలభై ఇళ్లున్న అపార్ట్‌మెంటులోకి కందిపప్పు నెలకు కనీసం నలభైసార్లు వస్తుంది. నలభై ఇళ్లవారూ విడివిడిగా బిల్లులు కడతారు, రకరకాల ధరలకు కొంటారు. ఆ పప్పు ఏ ఊళ్లో పండిందో, ఏ మిల్లులో ఆడించారో, ఎన్నాళ్లు గోదాములో ఉందో వారిలో ఒక్కరికీ తెలియదు. తలుపు తెరిచేది సంచి తెచ్చిన కుర్రవాడికే. ఎదురింటివారికి తలుపు తెరవాల్సిన అవసరం రాదు. నగరాల్లో మనుషులు ఒకరికొకరు కాకుండా పోతున్నారని మనం బాధపడుతున్నాం. ఆ బాధ నిజమైనదే. దానికి మందు వెతికేటప్పుడు మాత్రం మనసు మార్చుకోవడం దగ్గరే ఆగిపోతున్నాం. నలుగురిలో కలవండి, పలకరించండి, నవ్వండి అని ఒకరికొకరం చెప్పుకుంటాం. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది వేరు. ఇరుగుపొరుగు బంధం వంతులవారీగా కలిసి చేసే పనివల్ల నిలబడుతుంది. అలాంటి పనులన్నిటిలో తిండి సరుకులు కలిసి కొని, కలిసి తూచి, కలిసి పంచుకోవడమంత అనువైనది ఇంకొకటి లేదు. సభ్యులే యజమానులైన సహకార కిరాణా కొట్టు మనిషికి చౌకగా సరుకు ఇచ్చే చోటు మాత్రమే అనుకుంటే దానిలో సగమే చూసినట్టు.

పండగలు కలపవా అని అడగవచ్చు. తప్పక కలుపుతాయి. కానీ వినాయక చవితి పందిట్లో తొమ్మిది రోజులు కలిసి తిన్నవాళ్లే పదో రోజు నుంచి లిఫ్టులో ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ నిలబడతారు. వాళ్లలో అభిమానం లేక కాదు, పండగ అయిపోయింది కనుక. ఒక మనిషి ముఖం తెలియడం వేరు, ఆ మనిషి మాట మీద భరోసా పెట్టుకోవడం వేరు. భరోసా చిన్న చిన్న రుజువుల మీద పెరుగుతుంది. ఆరింటికి వస్తానన్న మనిషి ఆరింటికే వచ్చాడా, చేతికిచ్చిన రెండు వేలకూ రూపాయితో సహా లెక్క చెప్పాడా, తన ఇంటికి తూచుకున్నట్టే పక్కింటికీ తూచాడా అన్నవే ఆ రుజువులు. అవి పదేపదే దొరకాలంటే ఎప్పటికీ ఆగని పని ఒకటి ఉండాలి. తిండి అలాంటిది. ఈ నెల బియ్యం తెచ్చుకుంటే వచ్చే నెల మళ్లీ తెచ్చుకోవాల్సిందే. డబ్బు విషయంలో ఈ రహస్యం మన ఊళ్లకు బాగా తెలుసు. పొదుపు సంఘాల్లో చదువు రాని ఆడవాళ్లు కూడా పాతికేళ్లుగా నెలనెలా కూర్చుని, పద్దు చదివించుకుని, బాకీలు అడిగి, ఒకరికొకరు పూచీ ఉంటున్నారు. చదువుకున్నవాళ్లుండే కాలనీలూ అపార్ట్‌మెంట్లూ ఇంకా అందుకోనిది ఆ క్రమశిక్షణే.

సహకార కొట్టుకు ప్రపంచమంతా చూపించే మొదటి ఉదాహరణ ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణం. 1840ల్లో అక్కడి నేత కార్మికులు తక్కువ కూలితో, తీరని అప్పుతో బతికేవారు. కొట్లలో అరువు దొరికేది. అరువున్నవాడు తూకం తగ్గిందని అడగలేడు, పిండిలో కలిసిన సుద్ద గురించి నోరెత్తలేడు. కల్తీ ఆ కాలపు ఇంగ్లండులో ఎంత మామూలంటే, 1820లోనే ఫ్రెడరిక్ ఆక్కమ్ అనే రసాయన శాస్త్రవేత్త దాని మీద ఏకంగా ఒక పుస్తకం రాశాడు. ఈ పరిస్థితుల్లో 28 మంది కలిసి, తలా ఒక పౌను లెక్కన 28 పౌన్లు కూడబెట్టి, 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ అనే వీధిలో కొట్టు తెరిచారు. అమ్మకానికి పెట్టినవి వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు. మొదట్లో కొట్టు వారానికి రెండు సాయంత్రాలే తెరిచేవారు. పగలంతా ఎవరి పని వాళ్లకుండేది మరి. పని ముగించుకుని వచ్చి తలుపులు తీసేవారు.

ఆ కొట్టు పెట్టుకున్న నియమాల్లో ఒకదాన్ని చాలామంది గమనించరు. వాళ్లు చౌకగా అమ్మలేదు. బజారు ధరకే అమ్మారు. మిగిలిన లాభాన్ని ఎవరెంత కొన్నారో ఆ లెక్కన సభ్యులకే తిరిగి పంచారు. అరువు ఇవ్వలేదు. సరుకు స్వచ్ఛంగా, తూకం నిండుగా ఉండాలన్నారు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు అన్నారు. బ్రిటన్‌లో ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేని రోజుల్లోనే ఆ కొట్టులో ఆడవాళ్లు సభ్యులుగా చేరగలిగారు. లాభంలో కొంత భాగం చదువుకు తీసిపెట్టి, పత్రికలూ పుస్తకాలూ ఉండే చదువుకునే గది నడిపారు. ఇవన్నీ వ్యాపార నియమాల్లా కనిపిస్తాయి గానీ, ఒక్కొక్కటీ మనిషిలో ఒక్కో అలవాటును పెంచుతుంది. అరువు లేకపోవడం వల్ల చేతిలో ఉన్నదాంట్లోనే బతకడం అలవడింది. లాభాల పంపకం, పొదుపు తెలియని ఇళ్లకు పొదుపు నేర్పింది. ఒక ఓటు ఉండటంతో సమావేశంలో లేచి మాట్లాడే ధైర్యం వచ్చింది. 1850 నాటికి సభ్యులు ఆరువందలకు చేరారు. చౌక ధర ఆశ చూపకుండానే ఇంతమంది చేరారన్నది నా వాదనకు గట్టి బలం.

ఈ ఆలోచన మన దగ్గరకు ఆలస్యంగా ఏమీ రాలేదు. 1904లో మద్రాసులోని తిరువల్లిక్కేణిలో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ మొదలైంది. దేశంలో వినియోగదారుల సహకారానికి అదే ఆద్యం. దాన్ని నిలబెట్టినవారిలో వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి ఒకరు. అప్పట్లో ఆయన ఆ పేటలోనే హిందూ హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు. దేశమంతా తెలిసిన వక్తగా, రాజకీయవేత్తగా పేరు రావడం తర్వాతి మాట. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోవే కనుక ఇది మన చరిత్రలోనూ భాగమే. ఆ సొసైటీ నూరేళ్లు దాటి బతికింది. తమ పేటలో తామే ఒక కొట్టు పెట్టుకోవడం చదువుకున్న ఉద్యోగస్తులకు చిన్నతనంగా తోచలేదని గుర్తు చేయడానికే ఇది చెబుతున్నాను.

ఇప్పటికీ నడుస్తున్న కొట్లలో ఎక్కువగా ఆలోచించవలసింది న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని పార్క్ స్లోప్ ఫుడ్ కోఆప్. 1973లో ఆ పేటవాసులు కొందరు మొదలుపెట్టిన ఈ కొట్టులో ఇప్పుడు పదిహేను వేలకు పైగా సభ్యులున్నారు. యూనియన్ స్ట్రీట్‌లో ఉన్న ఆ కొట్టులో బయటివాళ్లు కొనడానికి వీల్లేదు. సభ్యులే కొనాలి, సభ్యులంతా పని చేయాలి. చేరేటప్పుడు 25 డాలర్ల రుసుము, వెళ్లిపోయేటప్పుడు తిరిగి ఇచ్చే 100 డాలర్ల పెట్టుబడి కట్టాలి. ఆదాయం తక్కువున్నవారికి ఇందులో తగ్గింపు ఉంటుంది. ఆ పైన వంతు మొదలవుతుంది. చాలా ఏళ్లపాటు ఒక్కో సభ్యుడు నాలుగు వారాలకోసారి రెండు గంటల నలభై ఐదు నిమిషాలు పని చేశాడు. లారీలోంచి పెట్టెలు దించడం, అరల్లో సర్దడం, నేలమాళిగలో జున్ను కోసి పొట్లాలు కట్టడం, ఎండు పండ్లూ గింజలూ తూచి సంచుల్లో నింపడం, బిల్లు వేయడం, నేల తుడవడం, సభ్యుల పిల్లల్ని చూసుకోవడం, అన్నీ వంతు పనులే. కొట్టులో జరిగే పనిలో నాలుగింట మూడు వంతులు సభ్యుల చేతుల మీదే సాగుతుంది. జీతానికి ఉన్నవారు మిగిలిన పనితో పాటు నడిపింపు చూస్తారు. అందుకే సరుకు వచ్చిన ధరకు నూటికి ఇరవై, పాతిక చేర్చి అమ్మినా సరిపోతోంది. మామూలు దుకాణాలు చాలా సరుకుల మీద ఇంతకంటే ఎక్కువే చేర్చాలి.

ఆ కొట్టు నియమాల్లో మన ఇళ్లకు అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఇంటికి ఒక్కరు పనిచేస్తే చాలదు. ఆ ఇంట్లోని పెద్దవాళ్లందరూ సభ్యులు కావాలి, ఎవరి వంతు వాళ్లు చేయాలి. ఈ నియమం లేకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. వంటింటికి సంబంధించిన పని కదా అని వంతు మొత్తం ఇల్లాలి మీద పడుతుంది. వంట, గిన్నెలు, పిల్లల చదువు, ఆఫీసు, ఆపైన కొట్టు పని కూడా ఆమెదే అవుతుంది. భర్త మాత్రం సమావేశంలో ఉపన్యాసం ఇస్తాడు. అలాంటి సహకారం సహకారం కాదు. పేరు ఆమెది, అధికారం ఆయనది అయిన సంఘాలు మన చుట్టూ ఇప్పటికే చాలా ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల కొడుకు కూడా తన వంతుకు తాను వచ్చి ఉల్లిపాయల బస్తా విప్పితే, ఆ ఇంట్లో తిండి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు అతనికి మొదటిసారి సమాధానం దొరుకుతుంది. ఇంటి పనిని పంచుకోవాలని మగపిల్లలకు నూరుసార్లు చెప్పేదానికంటే, ఇంటి బయట నలుగురు చూస్తుండగా ఒక వంతు చేయించడం మేలు.

పార్క్ స్లోప్ కొట్టులో సభ్యుల శ్రమ ఎంత పని చేస్తుందో 2020 మార్చిలో తేలింది. కరోనా వల్ల సభ్యుల పనిని ఆపేసి, జీతానికి మనుషుల్ని పెట్టుకోవలసి వచ్చింది. ఆ ఏడాది కొట్టుకు ఆర్థికంగా పెద్ద దెబ్బ తగిలింది. తర్వాత సభ్యుల పనిని దశలవారీగా తిరిగి తెచ్చారు, వంతును నాలుగు వారాలనుంచి ఆరు వారాలకు మార్చారు. జీతాలకు మనుషులు దొరికాక పాత వంతులు ఎందుకు, అందరం కొనుక్కుని వెళ్లిపోదాం అని సభ్యులు అనుకుని ఉండవచ్చు. కానీ వంతు లేకపోతే ధర కూడా నిలవదు, కొట్టు స్వభావమూ నిలవదు. జపానులో ఇంకో రుజువుంది. 1965లో టోక్యోలో రెండు వందల మంది గృహిణులు కలిసి మూడు వందల సీసాల పాలు కొనడంతో మొదలైన సేకాత్సు క్లబ్, చుట్టుపక్కల ఇళ్లు కొన్ని ఒక చిన్న బృందంగా చేరి కలిసి ఆర్డరు పెట్టి, వచ్చిన సరుకును తమలో తాము పంచుకునే పద్ధతి మీద పెరిగింది. వాళ్లు ఒక్కో వస్తువుకు పది రకాలు పెట్టరు. ఒకటి రెండు రకాలనే ఎంచుకుని, వాటిని పండించే రైతులతో, తయారుచేసేవారితో కూర్చుని ఎలా పండాలో, ఏమి కలపకూడదో మాట్లాడుకుంటారు. 1989లో ఆ సంస్థకు రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. పప్పుకు పాలిష్ ఎందుకు పట్టారు, నూనె గానుగదా ఫ్యాక్టరీదా, బియ్యం ఈ పంటవా పోయినేటివా అని మనమూ అడగాలంటే, అడిగే గొంతులు కొన్నయినా కలవాలి. ఒక్క ఇల్లు అడిగితే వ్యాపారి నవ్వి ఊరుకుంటాడు. ఇరవై ఇళ్లు అడిగితే సమాధానం చెబుతాడు.

ఇక అభ్యంతరాలు. మొదటిది సమయం. ఉద్యోగం, ట్రాఫిక్, పిల్లలు, ఇందులో వంతు ఎక్కడ పడుతుంది అంటారు. లెక్క వేసి చూద్దాం. ఇరవై ఇళ్ల బృందం రెండు వారాలకోసారి సరుకులు పంచుకుంటుందనుకోండి. ఒక్కో పంపిణీకి నాలుగిళ్లు పనిలోకి వస్తే, ఒక్కో ఇంటికి వంతు పది వారాలకోసారి వస్తుంది. రెండు గంటల పని. ఫోనులో ధరలు పోల్చుకోవడానికి, ఆర్డరులో పొరపాటు వచ్చి ఫిర్యాదు చేయడానికి, తిప్పి పంపడానికి పది వారాల్లో పోయే సమయం ఇంతకంటే తక్కువేమీ కాదు. పైగా ఆ సమయంలో ఎవరితోనూ ఒక మాట మాట్లాడం. నిజంగా తీరికలేనివాళ్లు ఉంటారు, పసిపిల్లల తల్లులు, రోగిని చూసుకుంటున్నవారు. వాళ్లకు వంతు వాయిదా వేసే వెసులుబాటు ఉండాలి. ఒకరి వంతు ఇంకొకరు తీసుకోవడం మన పల్లెల్లో కొత్త కాదు. నాట్లకూ కోతలకూ ఇవాళ మీ చేలో నేను, రేపు నా చేలో మీరు అని వెళ్లిన తరాలు మనవే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఫోను నొక్కితే పది నిమిషాల్లో సరుకు వస్తోంది, ఒక్కోసారి కొట్టు కంటే చౌకగా కూడా వస్తోంది, ఇంత శ్రమ దేనికి? వేగంలో వాటితో పోటీ పడలేం, పడకూడదు. జ్వరం వచ్చిన రోజు, చుట్టాలు చెప్పకుండా దిగిన రోజు ఆ సౌకర్యం వాడుకోండి. కానీ నెల సరుకులు పది నిమిషాల్లో రావలసిన అవసరం ఏ ఇంటికీ లేదు. చౌక సంగతీ చూడండి. అక్కడ రాయితీ ఇచ్చేదీ తీసేసేదీ మీరు కాదు. ఆ నిర్ణయం ఎక్కడో జరుగుతుంది, దాని మీద మీకు ఓటు లేదు. మీ కొట్టులో కందిపప్పు ధర పెరిగితే ఎందుకు పెరిగిందో బిల్లు చూసి తెలుసుకుంటారు, కావాలంటే ఈ నెల పెసరపప్పు ఎక్కువ కొందామని తీర్మానం చేసుకుంటారు. అయినా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మొదటి ఆరు నెలల్లో సహకార కొట్టులో పెద్దగా డబ్బు మిగలకపోవచ్చు. డబ్బు మిగులు ఒక్కటే ఆశించి చేరినవాళ్లు ముందుగా వెళ్లిపోతారు. రోచ్‌డేల్ వాళ్లు బజారు ధరకే అమ్మడంలోని వివేకం ఇక్కడ అర్థమవుతుంది.

మూడోది తగాదాలు. మన అపార్ట్‌మెంటు సంఘంలో నీళ్ల ట్యాంకరు బిల్లు దగ్గరే కొట్లాటలు, ఇంక పప్పుల లెక్క కూడానా అని భయపడేవాళ్లు చాలామంది. పని చేయకుండా సరుకు మాత్రం తీసుకుపోయేవాళ్ల సంగతేమిటి అని అడుగుతారు. ఇది కల్పిత భయం కాదు. ఉమ్మడి వనరుల మీద జీవితమంతా పరిశోధన చేసి 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, ఉమ్మడి ఆస్తి తప్పక పాడవుతుందన్న నమ్మకం సరికాదని ఎన్నో దేశాల ఉదాహరణలతో చూపింది. స్విట్జర్లాండ్ పచ్చిక బయళ్లు, జపాన్ అడవులు, స్పెయిన్ సాగునీటి కాలువలు వందల ఏళ్లు నిలిచిన చోట్ల ఆమెకు కొన్ని లక్షణాలు కనిపించాయి. ఎవరు సభ్యులో, ఎవరు కాదో స్పష్టంగా ఉంది. నియమాలు వాడుకునేవాళ్లే పెట్టుకున్నారు. ఎవరు తప్పుతున్నారో చూసేవాళ్లు సభ్యుల్లోంచే ఉన్నారు. తప్పినవాడికి మొదటిసారి చిన్న శిక్ష, మళ్లీ తప్పితే పెద్దది. తగవు తీర్చే చోటు దగ్గర్లో, ఖర్చు లేకుండా ఉంది. పార్క్ స్లోప్‌లో కూడా ఏళ్లపాటు ఒక వంతు ఎగ్గొడితే రెండు వంతులు చేయాల్సి వచ్చేది, చేయకపోతే కొనే హక్కు ఆగిపోయేది. అక్కడ పెద్ద తగవులు లేవనుకోకండి. 2012లో ఒక దేశపు సరుకులను బహిష్కరించడంపై సభ్యులందరి ఓటింగు జరపాలా వద్దా అని తేల్చడానికి పదహారు వందల మందికి పైగా వచ్చారు, వాదన ఎంతో వేడిగా సాగింది. ఓటు వేశారు, ప్రతిపాదన వీగిపోయింది, కొట్టు నడుస్తోంది. తగాదా రాకుండా చూడటం ఎవరివల్లా కాదు. తగాదాను దాటివచ్చే పద్ధతిని ముందే రాసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. అపార్ట్‌మెంటు సంఘాల్లో కొట్లాట ముదిరేది లెక్క కనపడనప్పుడు, ఎవరు నిర్ణయించారో తెలియనప్పుడు.

నాలుగోది చరిత్ర నుంచి వచ్చే అభ్యంతరం. మన దేశంలో సహకార దుకాణాలు ఎన్ని మూతపడలేదు అంటారు. నిజమే. 1966లో రూపాయి విలువ తగ్గించాక ధరలు పెరుగుతున్నాయని ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో సూపర్ బజార్ పెట్టారు. ప్రభుత్వ పెట్టుబడితో, అధికారుల నడిపింపుతో నడిచిన అది 2002లో మూతపడింది. రెండో ప్రపంచ యుద్ధం రేషన్ రోజుల్లో పుట్టుకొచ్చిన స్టోర్లు చాలావరకు కంట్రోళ్లు ఎత్తేశాక కనుమరుగయ్యాయి. ఇవి సహకారం ఓడిపోయిన కథలు కావు. సభ్యులకు అసలు పనే లేని కొట్ల కథలు. పెట్టుబడి సర్కారుది, మేనేజరు సర్కారు మనిషి, పాలకవర్గం రాజకీయ నియామకం అయినప్పుడు కొనేవాడు యజమాని ఎలా అవుతాడు? దీనికి విరుగుడు కూడా మన గడ్డ మీదే మొదలైంది. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. ప్రభుత్వ వాటాధనం లేకుండా, సభ్యులే నియమావళి రాసుకుని, సభ్యులే ఎన్నికలు జరుపుకునే సంఘాలకు దేశంలో అదే మొదటి చట్టం. సభ్యుల మీదే ఆధారపడితే ఏమి సాధ్యమో ఇప్పటి హనుమకొండ జిల్లాలోని ముల్కనూరు చూపుతోంది. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి నాయకత్వంలో మొదలైన అక్కడి రైతుల సహకార సంఘం ఈ నాటికీ నిలబడి ఉంది. అదే ప్రాంతంలో ఆడవాళ్లు తమ సొంత పాల డెయిరీని నడుపుకుంటున్నారు.

ఇంకా రెండు అభ్యంతరాలున్నాయి, ఇవి మనస్సాక్షికి సంబంధించినవి. మన వీధి చివర కిరాణా కొట్టు నడుపుకునే కుటుంబం మాటేమిటి? నెలాఖరున అరువిచ్చే మనిషి పొట్ట కొడతామా? ఇక్కడ నా జవాబు సూటిగా ఉంటుంది. వీలైతే ఆ కొట్టునే కలుపుకోండి. ఇరవై ఇళ్ల నెల సరుకు ఒక్కసారిగా ఆయన ద్వారానే టోకున తెప్పించుకోండి, ఆయనకు న్యాయమైన కమీషను ఇవ్వండి. ఇంటికొక యాప్‌కు పోతున్న డబ్బును ఆయన దగ్గరకు తిప్పడం ఆయనకు మేలే. రెండోది, ఇలాంటి కొట్లు కాస్త కలిగినవాళ్ల సరదాగా మారిపోవడం. గుంటూరు మిరపకారం, దేశవాళీ బియ్యం, గానుగ నూనె పేర్లతో ఖరీదైన సరుకులే అరల్లో ఉంటే, అదే భవనంలో వాచ్‌మన్ కుటుంబం, ఇళ్లల్లో పనిచేసే ఆవిడ బయటే ఉండిపోతారు. ఈ ప్రమాదం నిజమైనది. దాన్ని తప్పించుకునే దారి ఒకటే: మొదటి రోజు నుంచే వాళ్లను సభ్యులుగా చేర్చుకోవాలి, వాటా సొమ్ము కొద్దికొద్దిగా కట్టే వీలివ్వాలి, వాళ్లు వాడే రకం బియ్యం, వాళ్లు కొనే పరిమాణం కొట్టులో ఉండాలి. ఓటు ఒకటే కనుక తూకం దగ్గర ఆమె, మీరు సమానం. వాచ్‌మన్‌తో వంతు పేరుతో ఊరికే పని చేయించుకోవడం మాత్రం సహకారం కాదు, దోపిడీ.

మొదలుపెట్టడానికి పెద్ద గది, పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పది ఇళ్లు చాలు, పాతిక దాటకుండా చూసుకోండి. సరుకులు నాలుగే పెట్టుకోండి: బియ్యం, కందిపప్పు, వేరుశనగ నూనె, బెల్లం. ఇంటికి నెలకు మూడు కిలోల కందిపప్పు లెక్కన ఇరవై ఇళ్లకు అరవై కిలోలు. టోకు వ్యాపారితో బేరమాడటానికి అది చాలిన పరిమాణం. డబ్బు ముందే వసూలు చేయండి, అరువు వద్దు. ఒకరి బాకీ ఇంకొకరి స్నేహాన్ని తినేస్తుంది. కొన్న ధర, ఆటో కిరాయి, తరుగు, సంచుల ఖర్చు, వీటిపైన ఏమి చేర్చారో కాగితం మీద రాసి అందరికీ కనిపించే చోట అంటించండి. వంతుల పట్టిక కూడా పక్కనే ఉండాలి. తెచ్చేవాళ్లు, తూచేవాళ్లు, పద్దు రాసేవాళ్లు, ఊడ్చి సర్దేవాళ్లు ప్రతిసారీ మారుతూ ఉండాలి. బాగా లెక్కలు వచ్చినాయన ఎప్పుడూ పద్దు పుస్తకం దగ్గరే కూర్చుంటే, ఆయన లేని రోజున కొట్టు ఆగిపోతుంది. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటానే వాడండి. వంతు తప్పితే ఏమిటి, సరుకులో పురుగు కనిపిస్తే ఎవరి నష్టం, సంఘం వదిలి వెళ్లేవారికి సొమ్ము ఎప్పుడు తిరిగి ఇస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు మొదటి సమావేశంలోనే రాసుకోండి. అమ్మకాలు పెరిగి బయటివారికి కూడా అమ్మే దశకు వస్తే, సంఘాన్ని చట్టప్రకారం నమోదు చేయించుకుని, ఆహార భద్రత సంస్థ దగ్గర కూడా నమోదు చేయించుకోవాలి. అప్పటిదాకా పద్దు పుస్తకమే మీ చట్టం.

ఆవకాయ రోజులు దీనికి మంచి సమయం. మామిడికాయలు, ఆవపిండి, కారం, నువ్వుల నూనె ప్రతి ఇంటికీ ఒకే పదిరోజుల్లో కావాలి, నాణ్యత గురించి ప్రతి ఇంటికీ గట్టి అభిప్రాయం ఉంటుంది. కాయ ముక్కలు కొట్టేచోట ఎవరింట్లో ఉప్పు ఎంత, ఎవరింట్లో వెల్లుల్లి వేస్తారు, ఎవరు అసలు వేయరు అన్న మాటలు వాటంతటవే వస్తాయి. తెలంగాణ ఇంటి పచ్చడి, గోదావరి జిల్లాల ఆవకాయ, రాయలసీమ కారం పక్కపక్కన నిలబడతాయి. వంట మాట్లాడుకోవడానికి ఎవరికీ పరిచయం అక్కర్లేదు. అయితే ఆ మాటలు నెల తర్వాత కూడా సాగాలంటే సరుకు వస్తూనే ఉండాలి. ఆవకాయ దగ్గర కలిసిన ఇళ్లను బియ్యం బస్తా దగ్గరకు తీసుకురాగలిగితే కొట్టు మొదలైనట్టే.

ఈ పుస్తకంలో ఆత్మవిశ్వాసం గురించి, మాట్లాడే నేర్పు గురించి, నాయకత్వం గురించి వేరే అధ్యాయాల్లో చదువుతారు. వాటిని సాధన చేయడానికి ఒక చోటు కావాలి. తప్పు జరిగితే ఎవరి ప్రాణమూ పోని చోటు, కానీ తప్పు ఎవరిదో అందరికీ తెలిసే చోటు. పద్దు చదివి వినిపించడం, ధర పెరిగిందని నచ్చజెప్పడం, వంతు ఎగ్గొట్టినాయనతో స్నేహం చెడకుండా మాట్లాడటం, ఓడిపోయిన తీర్మానాన్ని అంగీకరించి మర్నాడు వచ్చి బస్తాలు మోయడం, ఇవన్నీ ఇరవై ఇళ్ల కొట్టులో ఆరు నెలల్లో నేర్చుకోవచ్చు. ఆఫీసులో ఇవి నేర్చుకునే అవకాశం చాలామందికి పదవి వచ్చాకే వస్తుంది. ఈ ఆదివారం మీ అంతస్తులోని ఇళ్ల తలుపులు తట్టండి. పోయిన నెల ఎంత కందిపప్పు కొన్నారో, ఎంత పెట్టి కొన్నారో అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. పది ఇళ్ల లెక్క చేతికొచ్చాక అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఆ కాగితం చదివి వినిపించండి.